మెత్తని రోడ్డు, వీధిపోటు ఇల్లు

మా అమ్మకి నా మీద కోపం రావడానికి కారణం నేను చేసుకున్న పెళ్ళి కాదు, నేను గీసిన వీధులు. పెళ్ళి విషయంలో ఆవిడ కోడలి చేతి చారు తాగిన పూటే రాజీపడిపోయింది. వీధుల విషయంలో మాత్రం ఏళ్ళ తరబడి నన్ను సాధిస్తూనే వచ్చింది.

సముద్రం కోసుకుపోయిన పల్లెల వాళ్ళకోసం కాకినాడకి ఉత్తరాన కొత్తరేవు అనే పట్నం కట్టాలనుకున్నప్పుడు, దాని వీధులు గీసే పని నాకు అప్పగించారు. నా పేరు పేర్రాజు. పట్టణ ప్రణాళిక శాఖలో ఉద్యోగం. ఎదురుగా తిన్నని, పొడుగాటి రోడ్డు కనిపిస్తే మనవాడి కాలు ఆక్సిలరేటర్ మీంచి లేవదని నా గట్టి నమ్మకం. అందుకని వీధులన్నీ పొట్టిగా గీశాను. ప్రతి వీధీ వెళ్ళి వెళ్ళి ఒక ఇంటి ముందు ఆగుతుంది. అక్కణ్ణించి కుడికో ఎడమకో తిరగాల్సిందే. ఎదురుగా ఇల్లు కనిపిస్తే ఎంతటి పొగరుబోతైనా బ్రేకు మీద కాలు వేస్తాడు కదా అనుకున్నాను. మా పైఆఫీసరు పటం చూసి భుజం తట్టాడు. అదే పటం ఇంటికి తెచ్చి అమ్మకి చూపిస్తే, కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూసి, తల బాదుకుంది.

"ఒరే పేర్రాజూ! ఊరు కట్టరా అంటే ఊరంతా వీధిపోట్లు పెట్టావేంట్రా!"

వీధి నేరుగా వచ్చి గుమ్మానికి తగిలే ఇంటిని వీధిపోటు ఇల్లంటారు. అందులో కాపురమున్న వాళ్ళని వీధి పొడిచేస్తుందని భయం. ఆ మాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నదే. అయినా స్కేలూ పెన్సిలూ పట్టుకున్నాక అది నా బుర్రలోంచి ఎటు పోయిందో పోయింది. ఇళ్ళు చీటీలు తీసి పంచినప్పుడు, వీధి చివరి ఇల్లు వచ్చినవాళ్ళు తాళంచెవి బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయారు. తక్కువ అద్దెకి ఇస్తామన్నారు, తరవాత ఊరికే ఉండమన్నారు. ఒక్కరూ రాలేదు. ఊరు నిండింది, ప్రతి వీధి చివరా ఒక తాళం మిగిలింది.

అమ్మ భయాన్ని నేను ఎగతాళి చెయ్యలేను. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు సామర్లకోటలో వాళ్ళ మేనమామది వీధిపోటు ఇల్లు. పండగపూట అందరూ బంతిలో కూర్చున్న సమయానికి, బ్రేకులు పోయిన లారీ ఒకటి తిన్నగా సావిట్లోకి వచ్చేసింది. నెయ్యి వడ్డిస్తున్న మేనమామ ఆ గిన్నెతో సహా దానికిందికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మా అమ్మ అన్నంలో నెయ్యి వేసుకోదు.

ఆ లారీ కథ విన్న రోజునుంచీ నా భార్య హైమ బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడ మట్టి, ఇసుక, రబ్బరు లాంటి వాటి గుణాల మీద పరిశోధన చేసే మనిషి. ఓ ఆదివారం సాయంత్రం నన్ను సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళి తడి ఇసుకలో నిలబెట్టింది.

"నెమ్మదిగా నడవండి."

నడిచాను. కాలి కింద ఇసుక గచ్చులా గట్టిగా ఉంది.

"ఇప్పుడు ఒక్కచోటే నిలబడి గబగబా తొక్కండి."

తొక్కాను. చుట్టూ నీళ్ళు ఊరాయి, ఇసుక జావలా అయిపోయింది, చీలమండ దాకా దిగిపోయాను. దారిన పోయే పల్లీలవాడు నన్ను చూసి జాలిపడ్డాడు.

"ఇలాంటి రోడ్డుంటే?" అంది హైమ. "మెల్లగా వచ్చేవాడికి గట్టిగా, దూసుకొచ్చేవాడికి మెత్తగా. అప్పుడు లారీకి బ్రేకులున్నా లేకపోయినా ఒకటేగా!"

ఆ ఒక్క మాటకోసం ఆవిడ ప్రయోగశాలలో చాలా ఏళ్ళే గడిపింది. రబ్బరు గింజలూ, ఒక రకం జిగురూ కలిపి బిందెలు బిందెలు ముద్దలు చేసింది. కొన్ని మనుషుల కింద కూడా దిగిపోయాయి. కొన్ని ఎండకి పకోడీల్లా పగిలిపోయాయి. చివరికి ఒకటి కుదిరింది. అప్పటికి మేమూ కొత్తరేవులోనే కాపురం. మా వీధిలో పరిచి చూద్దామన్నప్పుడు జీపు తనే నడిపింది. నేను అరుగుమీద నిలబడి దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. జీపు బాణంలా వచ్చింది. పెరుగులో గరిటె దిగినట్టు చక్రాలు రోడ్డులోకి కొద్దిగా దిగాయి. జీపు ఉసూరుమని నెమ్మదించింది. సైకిలు వేగానికి రాగానే రోడ్డు మళ్ళీ గట్టిపడి చక్రాల్ని పైకి తేల్చింది. హైమ కిటికీలోంచి తల బయటపెట్టి నవ్విన నవ్వు నాకు మా పెళ్ళిలో కూడా కనిపించలేదు.

కొత్తరేవు అంతా మెత్తని రోడ్డు పరిచారు. ఆ తరవాత మా ఊరి సుఖం ఏమని చెప్పను! జనం వీధి మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. ముసలివాళ్ళు నులకమంచాలు వేసుకున్నారు. ఆడపిల్లలు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని గెంతారు. మా అమ్మ, వీధిపోట్లు పెట్టినందుకు నన్ను తిడుతూనే, ఆ వీధి వారనే వడియాలు ఎండబెట్టుకునేది. ఊళ్ళో ఎవరూ బండి కింద పడలేదు.

అంబులెన్సు సంగతి హైమ ముందే ఆలోచించింది. చిన్న బిళ్ళ ఒకటి తయారుచేసింది. అది ఏ బండికి ఉంటే, దాని కింద రోడ్డు ఎంత వేగంలోనైనా గట్టిగానే ఉంటుంది. జనం దానికి గట్టిబిళ్ళ అని పేరు పెట్టారు. అంబులెన్సులకీ, ఫైరింజన్లకీ ఇచ్చారు. ఇక మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. ముందు పట్టణసభ ఛైర్మన్ గారి కారుకి వచ్చింది. తరవాత ఆయన బావమరిదికి. ఆ తరవాత పాలవ్యాన్‌కి, పెళ్ళికొడుకు కారుకి, చివరికి ఐసుక్రీము బండికి కూడా గట్టిబిళ్ళే. అలాంటి కారొకటి దూసుకొచ్చి బడికి వెళ్తున్న పంతులమ్మ కాలు విరగ్గొట్టింది. మెత్తని రోడ్డుని నమ్ముకుని ఆవిడ అటూ ఇటూ చూడటం మానేసింది పాపం.

హైమ ఆ రోజే బిళ్ళలన్నీ పనిచెయ్యకుండా చేసేసింది. "ఒక్కరికి మినహాయింపు ఇస్తే ఊరందరికీ ఇచ్చినట్టే. ఇంక ఎవరికీ లేదు," అంది. అంబులెన్సుకి కూడా లేదు. నేను తలూపాను. అప్పుడు అది సబబుగానే అనిపించింది.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కొండలరావుగారు ఉండేవారు. పడవలు కట్టే మనిషి. సముద్రం వాళ్ళ ఊరిని మింగేశాక భార్య నూకరత్నంతో ఇక్కడికి వచ్చారు. ఒక ఉదయం ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ ఊళ్ళోకి వచ్చింది. సైరన్ ఒక్కటే పరిగెత్తింది, బండి పెళ్ళి ఊరేగింపులా నడిచింది. ఆయన్ని ఎక్కించుకుని అదే నడకన బయల్దేరింది. ఊరి పొలిమేర దాటకముందే నూకరత్నం చేతిలో ఆయన చెయ్యి చల్లబడిపోయింది.

కర్మ అయిపోయాక ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు.

"హైమమ్మా, నీ రోడ్డు మా ఆయన్ని సంపేసింది. తవ్వించేస్తాను. సెప్పి సేద్దామని వచ్చాను," అంది.

ఆవిడ అన్నంత పనీ చేసింది. వీధి వీధీ తిరిగి సంతకాలు పెట్టించి, రోడ్డు తవ్వి మామూలు తారు వెయ్యాలని పట్టణసభకి అర్జీ ఇచ్చింది. కొన్ని నెలల తరవాత జరిగే సభలో తేలుస్తామన్నారు.

హైమ అన్నం సరిగ్గా తినడం మానేసింది. "వెళ్ళి నూకరత్నంతో ఒక్క మాట అనవే, మనసు తేలికపడుతుంది," అన్నాను.

"నోరు రావట్లేదండీ. క్షమించమని అడిగితే, పాపం ఆవిడ క్షమించాల్సి వస్తుంది కదా. ఆ బరువు కూడా ఆవిడ మీదే ఎందుకు పెట్టడం?" అంది.

చిత్రమేమిటంటే నూకరత్నం మా ఇంటికి రావడం మానలేదు. రోజూ వచ్చి అరుగుమీద అమ్మతో కూర్చునేది. హైమ కనిపిస్తే మాత్రం మొహం పక్కకి తిప్పుకునేది.

రోడ్డు తవ్వితే బళ్ళ కింద పడేవాళ్ళు పడతారు. ఉంచితే కొండలరావుగారిలాగా పోయేవాళ్ళు పోతారు. ఈ రెంటి మధ్యా నా బుర్ర వేడెక్కిపోయింది. చివరికి నాకు తోచిన ఆలోచన ఇది. జబ్బు మనిషి డాక్టరు దగ్గరికి పరిగెత్తలేనప్పుడు, డాక్టర్నే వీధి చివర కాపురం పెట్టిస్తే? నడిచి వెళ్ళేంత దూరంలో వైద్యం ఉంటే ఇంక అంబులెన్సు పరుగుతో పనేముంది? కానీ నిండిపోయిన ఊళ్ళో ఇళ్ళెక్కడివి? నా కళ్ళు తాళాల మీద పడ్డాయి. వీధి చివర, వీధిలో ఏ గుమ్మంలోంచి చూసినా కనిపించే ఇల్లు. ఇంతకంటే మంచి చోటు దొరుకుతుందా! సభవాళ్ళని బతిమాలి, ముందు మా వీధిలో ఒక్కటి తెరిపించాను. రాహేలు అనే డాక్టరమ్మ మేడమీద కాపురానికి వచ్చింది. కింద వంటిల్లు ఆవిడకి వదిలేసి, మిగతా గదుల్లో మంచాలు, యంత్రాలు, మందులు సర్దించాం.

"వీధిపోటూ గీధిపోటూ నాకు తెలీదండి. గాలీ వెలుతురూ ఉన్నాయి, నాకంతే చాలండి," అంది ఆవిడ.

ఒక్క రోగి వస్తే ఒట్టు. దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా జనం నత్తనడక ఆటోలో కాకినాడకే వెళ్ళారు. అమ్మ నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"జబ్బుచేసినవాడు బతకాలని వెళ్తాడు గానీ, ఇంకో పోటు పొడిపించుకోడానికి వెళ్తాడట్రా?"

చేసిన తప్పే రెండోసారి చేశానని నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ కాలుపెట్టని ఇళ్ళు గీసిందీ నేనే, ఆసుపత్రి తీసుకెళ్ళి ఆ ఇళ్ళలోనే పెట్టిందీ నేనే. డాక్టరమ్మ కనిపించినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. "ఏం చేస్తున్నారండీ?" అని అడిగితే, "చేతిలో పనిలేక నా బీపీ నేనే చూసుకుంటున్నానండి," అనేది.

సభ దగ్గరపడింది. అర్జీ నెగ్గేలాగే ఉంది. హైమ రోడ్డుమీద నడుస్తున్నప్పుడల్లా కాళ్ళకింద చూసుకుంటూ నడిచేది.

ఆ రోజు అమ్మా, నూకరత్నమూ అరుగుమీద గోంగూర ఒలుస్తున్నారు. నేను లోపల పేపరు చూస్తున్నాను. ఉన్నట్టుండి నూకరత్నం గొంతు మారిపోయింది.

"వదినా? ఓ వదినా! బాబూ, బేగి రా!"

నేనూ హైమా ఒకేసారి బయటికి వచ్చాం. అమ్మ గుండెమీద చెయ్యి పెట్టుకుని గోడకి చేరగిలబడి ఉంది. జాకెట్టంతా చెమటకి తడిసిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి.

"డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దాం," అంది హైమ.

అమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "ఆ కొంపలోకా? చచ్చినా రాను."

"అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను..."

"అంబులెన్సుని పిలవండి. కాకినాడ వెళ్దాం. ఆ ఇంట్లోకి వద్దర్రా..."

అంబులెన్సు ఎలా వస్తుందో అక్కడున్న అందరికీ తెలుసు. నూకరత్నానికి మరీ బాగా తెలుసు. ఆవిడ అమ్మ గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"మా ఆయన మొగం కూడా అచ్చం ఇలాగే ఉన్నాది వదినా. ఇంక మాటాడకు. నేనొకటి అడుగుతాను, సెప్పు. వీధిపోటు ఏ గుమ్మానికి? వీధి గుమ్మానికే గదా? దొడ్డిగుమ్మానికి లేదుగా?"

అంత నొప్పిలోనూ అమ్మ ఆలోచించింది. శాస్త్రం దగ్గర ఆవిడ ఎప్పుడూ తప్పు మాట్లాడదు.

"దొడ్డిగుమ్మానికి... లేదు," అంది.

"ఐతే దొడ్డిదారినే ఎల్దాం. కళ్ళు మూసుకో!"

ఆ మాటకోసమే కాచుకున్నట్టు హైమ లోపల్నించి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. అమ్మని కూర్చోబెట్టాం. నేను వెనకవైపు పట్టుకున్నాను. ముందు ఒకవైపు హైమ, ఇంకోవైపు నూకరత్నం. ఇన్ని నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళిద్దరి చేతులూ కుర్చీ కింద ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఇద్దరూ చేతులు తీసుకోలేదు. అమ్మ పైట చెంగు మొహానికి కప్పుకుంది. వీధిలో వెళ్తున్న ఆటోలు మా నడకే నడిచాయి, ఒక్కటీ మా దారికి అడ్డం రాలేదు. సందులోంచి తిరిగి, దొడ్డిగోడ తలుపు తోసుకుని, బట్టలు ఆరేసిన తాళ్ళ కిందనుంచి వంగి, వంటింట్లోంచి ఆసుపత్రిలోకి వెళ్ళాం. మొట్టమొదటి రోగి వంటింట్లోంచి వస్తుందని డాక్టరమ్మ ఊహించలేదు. చేతిలో ఉల్లిపాయ అక్కడే పడేసి, చేతులు కడుక్కుని పరిగెత్తుకొచ్చింది.

తీగలు తగిలించింది, కాగితం మీద గీతలు చూసింది. గుండె రక్తనాళంలో గడ్డ ఉందనీ, అది కరగడానికి మందు ఎక్కిస్తున్నాననీ చెప్పింది. మేం గోడవారన నిలబడ్డాం. నాకు చిన్నపిల్లాడిలా ఏడవాలనిపించింది, కాస్త ఏడ్చాను కూడా. చాలాసేపటికి అమ్మ పెదవులకి రంగు తిరిగొచ్చింది.

"ఇంకాస్త ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదండి," అంది రాహేలు. "కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి. ఇంటికి వెళ్ళాక నెమ్మదిగా పెద్దాసుపత్రిలో చూపించుకోవచ్చు. ఇంక తొందరేం లేదండి."

నూకరత్నం ఆ మాట విని వంటింట్లోంచే వెళ్ళిపోయింది.

మంచం ముందుగదిలో, కిటికీకి ఎదురుగా ఉంది. మర్నాడు నేను వెళ్ళేసరికి అమ్మ దిండుకి ఆనుకుని వీధిలోకి చూస్తోంది. వీధి మొత్తం తిన్నగా ఆవిడ మంచం మీదికే వస్తున్నట్టుంది. దూరంగా ఒక వ్యాను మలుపు తిరిగి, నేరుగా ఇటే బయల్దేరింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మానిటరులో గీత గబగబా గెంతింది. వ్యాను దగ్గరికి వచ్చింది, నెమ్మదించింది, మా కిటికీ ముందు బుద్ధిగా ఎడమకి తిరిగి వెళ్ళిపోయింది.

"పొద్దుట్నించీ ఇలాగే చూస్తున్నాన్రా," అంది అమ్మ. "ప్రతీదీ నా మీదికే వస్తోంది. ప్రతీదీ తిరిగి పోతోంది. నా చిన్నప్పుడు ఆ ఒక్క లారీ కూడా ఇలా తిరిగి ఉంటే బాగుండును."

ఇంటికి తీసుకెళ్ళే రోజున నేను కుర్చీ దొడ్డివైపు తిప్పబోతే, అమ్మ వద్దంది. వీధి గుమ్మంలోంచి, నా భుజం పట్టుకుని, తనే మెట్టు దిగింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడి చూసింది. వీధిపోటంటే ఊళ్ళో అందరికంటే ఎక్కువ భయపడే మనిషి ఆ గుమ్మంలోంచి బతికి బయటికి వచ్చింది మరి! ఆ సాయంత్రమే ఎదురింటి ఆయన చెవిపోటని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. దొడ్డిదారినే వెళ్ళాడనుకోండి. వారం తిరక్కుండా జనం వీధి గుమ్మంలోనే వరస కట్టారు.

సభ రోజు హైమ కాగితాలు సర్దుకుంది. ఛైర్మన్ అర్జీ చదివి, చెప్పేదేమైనా ఉందా అని అడిగితే నూకరత్నం లేచి నిలబడింది.

"అర్జీ మార్చి రాసుకోండి బాబూ. రోడ్డు తవ్వొద్దు. అన్ని వీధుల్లో ఆకరింటికీ తాళం తీయించండి. లోపల డాక్టర్ని కూకోబెట్టండి. సంతకాలెట్టినోళ్ళందరికీ నేను సెప్పుకుంటాను."

ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఛైర్మన్ గారికి కూడా ఈమధ్యే బీపీ మొదలైంది.

మేం ముగ్గురం ఇంటికి నడిచి వస్తున్నాం. నూకరత్నం ముందు నడుస్తోంది. మా వీధి మధ్యలోకి వచ్చాక హైమ ఇంక ఉండబట్టలేక గబగబా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"రత్నం పిన్నీ... బిళ్ళలు ఆపేసింది నేనే. బాబాయిగారు..." అని ఆగిపోయింది.

నూకరత్నం చెయ్యి విడిపించుకోలేదు.

"నువ్వే సేశావు. నేను మర్సిపోను, నువ్వూ మర్సిపోకు," అంది. "ఆ రోజు కుర్సీలో నేను మోసింది మీ అత్తని కాదే అమ్మా. మా ఆయన్నే మోసుకెల్తన్నాననుకున్నాను. ఈసారి టయానికి సేరిపోయాం."

హైమ ఆవిడ భుజం మీద తలపెట్టి భోరుమంది. నూకరత్నం కూడా, కొండలరావుగారు పోయాక మా కళ్ళముందు మొదటిసారి, ఏడ్చింది. ఇద్దరూ నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయారు. వెనక ఒక ఆటో వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి ఆగింది. ఎవరూ హారన్ కొట్టలేదు.